జాగారం చేస్తే దిగులు పోతుందా?

శివరాత్రికి మా నందికొట్కూరు వైపు నుంచి నల్లమల మీదుగా శ్రీశైలం నడిచి వెళ్ళేవాళ్ళు వెళ్తారు. మాబోటి వాళ్ళం ఊళ్ళో గుడిలోనే భజనలతో తెల్లవారుస్తాం. మర్నాడు కళ్ళు మంటలు, పిల్లల మీద కసుర్లు. మీ ఇంట్లోనూ అంతే కదా!

కానీ మా వీధిలో ఒకమ్మాయికి వేరేగా జరిగింది. ఆర్నెల్లుగా దిగులు. తల దువ్వుకునే ఓపిక కూడా లేదనేది. జాగారం చేసిన మర్నాడు తలంటుకుని, "అక్కా, ఉగ్గాని చేసినాను, తిను" అంటూ గిన్నెతో వచ్చింది! అందరం శివుడి మహిమ అనుకున్నాం. మధ్యాహ్నం ఓ కునుకు తీసి లేచిందో లేదో, మళ్ళీ అదే దిగులు మొహం. అత్తగారేమో ఇక సోమవారం సోమవారం జాగారం చేయిస్తానంది. నాకు భయమేసింది.

ఎందుకంటే ఇది డాక్టర్లకు తెలిసిన సంగతే. 1971లో జర్మనీలో ఫ్లూగ్, టోలె అనే డాక్టర్లు దీని మీద రాశారు. డిప్రెషన్ ఉన్నవాళ్ళను ఒక రాత్రంతా మేలుకొని ఉంచితే సుమారు సగంమందికి తెల్లారేసరికి మనసు తేలికపడుతుంది. కాస్త నిద్రపోతే చాలు, వాళ్ళలో ఎక్కువమందికి దిగులు తిరిగొస్తుంది.

మెదడులో ఏమవుతుందంటారా? 1992లో అమెరికాలో జోసెఫ్ వూ బృందం స్కానింగు తీసి చూసింది. తేలికపడ్డవాళ్ళకు మెదడు ముందువైపు, లోపలగా ఉండే సింగ్యులేట్ అనే భాగం అంతకుముందు అతిగా పనిచేస్తోంది. మేలుకున్నాక ఆ జోరు తగ్గింది, పెద్దమంట మీదున్న పొయ్యిని సన్నం చేసినట్టు. భయాన్నీ దిగులునూ రేపే అమిగ్డాలా అని ఇంకో భాగముంది. మేలుకున్నాక మనసు బాగున్నవాళ్ళలో ఈ రెండింటికీ పొత్తు గట్టిపడిందని 2023లో వచ్చిన పరిశోధన చెప్పింది. అంటే ఆ పిల్లది బద్ధకం కాదమ్మా, మెదడుకొచ్చిన జబ్బు!

అలాగని ఇంట్లో ప్రయత్నించేరు! కొందరికి దిగులు పోయి ఉన్మాదం పట్టుకుంటుంది. ఫిట్సు ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. ఆసుపత్రుల్లో చేసినా డాక్టరు కనిపెట్టుకుని ఉండి, మందులతో కలిపి చేస్తారు. ఇక రోజూ నిద్ర పట్టకపోవడం వేరు. అది దిగులును పెంచేదే. ఆసుపత్రికి వెళ్ళడానికి మొహమాటపడితే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అని 2022లో ప్రభుత్వం పెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అత్తగారికి ఇదంతా చెప్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. మూడోరోజు ఇద్దరినీ కర్నూలు బస్సెక్కించాను. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో మానొద్దని డాక్టరు చెప్పారట. ఆ పిల్ల గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, బొరుగులు నానబోశాను.