పరీక్షల మధ్య పుట్టిన ఆరుగురు రాణులు

హాలు బుక్కయింది. తేదీలు ఖాయమయ్యాయి. నటించడానికి అమ్మాయిలు సిద్ధం. లేనిదల్లా ఒక్కటే... నాటకం! 2017లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ విద్యార్థులు ఇద్దరు చివరి ఏడాది పరీక్షలకు చదువుకుంటూనే ఆ లోటు పూడ్చారు. హోటల్లోని ఓ హాల్లో వందమంది ముందు ఆడిన ఆ సంగీత నాటకం చివరికి బ్రాడ్‌వే మెట్లెక్కింది.

ఇంగ్లండులో బడికెళ్లే పిల్లలెవరినైనా అడగండి, ఎనిమిదో హెన్రీ భార్యలకు ఏమైందో గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు. మొదటామెను వదిలేశాడు. రెండో ఆమె తల తీయించాడు. మూడో ఆమె కొడుకును కని కన్నుమూసింది. నాలుగో ఆమెను వదిలేశాడు. ఐదో ఆమె తల తీయించాడు. ఆరో ఆమె బతికి బట్టకట్టింది. మన పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు అక్కడి పిల్లలు ఈ వరస అప్పజెబుతారు. అయితే ఆ అప్పజెప్పడంలో రాణుల పేర్లుండవు. వాళ్లకు ఏం జరిగిందన్నదే ఉంటుంది. టోబీ మార్లోకు తట్టిన ఆలోచన ఇక్కడే మొదలైంది.

ఆ కథ తెలియాలంటే ముందు ఫ్రింజ్ సంగతి తెలియాలి.

పిలవని పేరంటం

స్కాట్లాండు రాజధాని ఎడిన్‌బరోలో 1947లో అంతర్జాతీయ కళోత్సవం మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి రెండేళ్లే. పేరున్న బృందాలకే ఆహ్వానాలు వెళ్లాయి. కానీ ఎనిమిది నాటక సమాజాలు ఎవరూ పిలవకుండానే వచ్చి, ఊళ్లో దొరికిన హాళ్లలో తమ నాటకాలు ఆడేశాయి. అసలు ఉత్సవానికి అంచున జరిగాయి కాబట్టి వాటికి ‘ఫ్రింజ్’ అనే పేరు స్థిరపడింది. అంచు అనే ఆ మాట ఇప్పుడు పేరుకే. ఏటా ఆగస్టులో మూడు వారాలకు పైగా వేల ప్రదర్శనలు జరుగుతాయి. చర్చి, లెక్చర్ హాలు, మద్యం దుకాణం మేడమీది గది, హోటల్ మీటింగు హాలు... నాలుగు కుర్చీలు వేసే చోటుంటే చాలు, అది థియేటరే.

మన పరిషత్తు నాటక పోటీలు చూసినవాళ్లకు ఈ హడావిడి కొత్తగా అనిపించదు. గంటలో నాటిక ముగించాలి. ఒక సమాజం సెట్టు విప్పుతుంటే ఇంకో సమాజం తలుపు దగ్గర తమ సామానుతో నిలబడి ఉంటుంది. అయితే పెద్ద తేడా ఒకటుంది. మన దగ్గర స్క్రూటినీ ఉంటుంది. నాటిక బాగుందని న్యాయనిర్ణేతలు తేల్చాకే పోటీకి ప్రవేశం. ఫ్రింజ్ నిర్వాహకులు ఏ నాటకాన్నీ ఎంపిక చెయ్యరు, ఏదీ తిప్పి పంపరు. రుసుము కట్టి, హాలు కుదుర్చుకుంటే ఎవరైనా ఆడవచ్చు. బాగుందో లేదో ప్రేక్షకుడే చెబుతాడు. చూడ్డానికి ఎవరూ రాకపోతే అదీ ఓ తీర్పే!

ఇంకో చిక్కు ఉంది. ఆగస్టు ప్రదర్శనలకు హాళ్లు కుదరడం, కార్యక్రమాల పుస్తకంలో వివరాలు అచ్చుకు వెళ్లడం నెలల ముందే జరిగిపోతాయి. కాబట్టి చాలామంది విషయంలో నాటకం కంటే నాటకం గురించిన నాలుగు వాక్యాలే ముందు పుడతాయి. తర్వాత ఆ నాలుగు వాక్యాలకు తగ్గట్టు నాటకం రాసుకోవాలి!

మంచి పాత్రలన్నీ మగవాళ్లకేనా?

కేంబ్రిడ్జ్‌లో మ్యూజికల్ థియేటర్ సొసైటీ అని విద్యార్థుల సంఘం ఒకటుంది. 2017 ఫ్రింజ్‌కు ఓ కొత్త సంగీత నాటకం తీసుకెళ్లాలని అది అనుకుంది. పేరున్న నాటకమైతే హక్కులున్నవాళ్లకు రాయల్టీ కట్టాలి. సొంతంగా రాసుకుంటే ఆ ఖర్చుండదు. రాసే బాధ్యత టోబీ మార్లోకు అప్పగించారు. అప్పటికి టోబీ సాహిత్య విద్యార్థి. 2016 చివర్లో కవిత్వం క్లాసులో కూర్చుని ఉండగా, హెన్రీ భార్యలు ఆరుగురూ ఓ పాప్ బృందంలా వేదికెక్కి తమ కథ తామే పాడితే ఎలా ఉంటుందన్న ఊహ వచ్చిందట. అక్కడికక్కడే నోటుబుక్కులో గిలికేశారు. తోడు రాయమని స్నేహితురాలు లూసీ మాస్‌ను అడిగారు. ఆమె చరిత్ర విద్యార్థిని.

ఈ ఊహ వెనక ఓ అసంతృప్తి ఉంది. తమ చుట్టూ బాగా పాడే, బాగా నవ్వించే అమ్మాయిలు ఎందరో ఉన్నారు. నాటకాలు చూస్తే వాళ్లకు దక్కేది హీరో ప్రియురాలి పాత్రో, హీరో తల్లి పాత్రో. నవ్వించే పాత్రలు, చివరిదాకా గుర్తుండే పాత్రలు ఎక్కువగా మగవాళ్లవే. మన దగ్గర పరిస్థితి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. నటీమణులు దొరక్క, దొరికినా పారితోషికం ఇచ్చుకోలేక మన రచయితలు ‘స్త్రీ పాత్రలు లేని నాటికలు’ రాశారు. ఆ పేరుతో సంకలనాలూ వచ్చాయి. కేంబ్రిడ్జ్‌లో నటీమణులు ఉన్నారు, పాత్రలే లేవు. అందుకే టోబీ, లూసీ మగ పాత్రే లేని నాటకానికి పూనుకున్నారు. హెన్రీ పేరు వినిపిస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం వేదిక మీదికి రాడు. ఐదు వందల ఏళ్లుగా కథంతా తనదే చేసుకున్న రాజుకు అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది!

అంతా కలిపి పది రోజులు

చివరి సంవత్సరం పరీక్షలు తరుముతున్నాయి. పుస్తకాలు ముందేసుకుని చదవాల్సిన సమయంలో ఇద్దరూ పియానో ముందు కూర్చునేవారు. కుదిరిన రోజు కుదిరినంత. అవన్నీ కలిపితే పది రోజులు, అవీ వరసగా వచ్చినవి కావు అని తర్వాత చెప్పుకున్నారు. లూసీ రాణుల మీద ఆంటోనియా ఫ్రేజర్ రాసిన లావుపాటి చరిత్ర గ్రంథం చదివింది, లూసీ వర్‌స్లీ డాక్యుమెంటరీ చూసింది. వాటితో పాటు గాయని బియాన్సే కచేరీ వీడియో కూడా ముందుంచుకున్నారు. నాటకంలా కాకుండా కచేరీలా నడపాలన్నది అందులోంచే వచ్చింది. రాణుల చేతికి మైకులిచ్చారు. వెనక నలుగురు వాద్యకారులను పెట్టారు, వాళ్లూ ఆడవాళ్లే. సెట్టు అక్కర్లేదు. రాజభవనం అక్కర్లేదు. రంగాలు మార్చే పని లేదు. పక్క సమాజం తలుపు తడుతున్నప్పుడు ఇవన్నీ ఎంత పెద్ద వరాలో నాటకాలు ఆడినవాళ్లకే తెలుస్తుంది.

కథ నడిపే చిక్కును కూడా తేలిగ్గా విడదీశారు. రాణులు పోటీ పడతారు. హెన్రీ చేతిలో అందరికంటే ఎక్కువ కష్టాలు పడిందెవరో ఆమే బృందానికి నాయకురాలు! ఒక్కొక్కరు ఒక్కో పాటతో తన మొర వినిపించాలి. వరస చరిత్రలో ఉన్నదే. ముగింపు ప్రేక్షకులకు ముందే తెలుసు. అంటే గంట నాటకంలో పావుగంట పరిచయాలకు పోయే బాధ తప్పింది.

ఎవరి పాట వారిదే

పాత్రల ఎంపికలో అసలు గమ్మత్తు ఇక్కడుంది. మామూలు మ్యూజికల్‌లో ఒక నాయిక ఉంటుంది, ఆమె వెనక బృందం ఉంటుంది. గొప్ప గొంతు ఒకటి దొరికితే మిగతావాళ్లతో సర్దుకోవచ్చు. ‘సిక్స్’ అని పేరు పెట్టిన ఈ నాటకంలో ఆ వెసులుబాటు లేదు. ఆరుగురూ నాయికలే. ఒక రాణి పాడుతుంటే మిగతా ఐదుగురు ఆమెకు కోరస్. పాట ముగియగానే ఆమె వెళ్లి కోరస్‌లో కలుస్తుంది, ఇంకొకరు ముందుకొస్తారు. మొదటి నుంచి చివరిదాకా ఎవరూ తెర చాటుకు వెళ్లరు. అంటే ప్రతి అమ్మాయీ ఒంటరిగా పాడగలగాలి, మరొకరి గొంతుకు లోబడి శ్రుతి కలపగలగాలి, గంటసేపు ఆగకుండా ఆడగలగాలి. మొదటిది చేతనైనవాళ్లు చాలామంది దొరుకుతారు. రెండోదే కష్టం.

అలాగని ఆరుగురూ ఒకేలా పాడితే కచేరీ విసుగెత్తుతుంది. అందుకే ఒక్కో రాణిని ఈ కాలపు పాప్ గాయనుల అచ్చులో పోశారు. మొదటి రాణి కేథరిన్ ఆఫ్ ఆరగాన్‌కు బియాన్సే, షకీరాల ఠీవి. తల పోగొట్టుకున్న ఆన్ బొలిన్‌కు లిలీ అలెన్ కొంటెతనం. జేన్ సీమూర్‌కు అడెల్ తరహా గుండె పిండే పాట. నాలుగో రాణి ఆనా ఆఫ్ క్లీవ్స్‌ది ఇంకో దారి. ఆమె చిత్రపటం చూసి మెచ్చిన హెన్రీ, మనిషిని చూశాక మొహం చాటేశాడు. ఆర్నెల్లకే పెళ్లి రద్దయింది. భరణంగా రిచ్‌మండ్ ప్యాలెస్ దక్కింది. తర్వాత ఆమె హాయిగానే బతికింది. అందుకే కష్టాల పోటీలో చెప్పుకోవడానికి కష్టం లేక, నిక్కీ మినాజ్, రిహానా బాణీలో తన వైభవం చాటుకుంటుంది.

నటికి అసలైన పరీక్ష ఐదో రాణి కేథరిన్ హోవార్డ్. పాట గలగలా నవ్వే కుర్రపిల్ల పాటలా మొదలవుతుంది. చిన్నప్పటి నుంచి తనను వాడుకున్న మగవాళ్ల గురించి ఒక్కో చరణంలో చెబుతూ పోతుంది. పల్లవి అదే, అడుగులూ అవే. కానీ చివరికొచ్చేసరికి నవ్విన ప్రేక్షకులకే నవ్వినందుకు సిగ్గేస్తుంది. ఈ పాత్రను ఫ్రింజ్‌లో టోబీ తోబుట్టువు అనబెల్ మార్లో వేసింది. ఆరో రాణి కేథరిన్ పార్ పోటీనే వద్దంటుంది. చరిత్రలోనూ ఆమె సామాన్యురాలు కాదు. 1545లో తన పేరుతో పుస్తకం అచ్చువేయించింది. ఇంగ్లండులో ఒక మహిళ తన పేరు పెట్టుకుని ఇంగ్లిషులో పుస్తకం ప్రచురించడం అదే మొదలు. పాఠాల్లో మాత్రం ‘బతికిన భార్య’గానే మిగిలింది.

ఉరికంబాల వీధిలో

2017 ఆగస్టులో ‘సిక్స్’కు దొరికిన చోటు ఎడిన్‌బరో గ్రాస్‌మార్కెట్‌లోని ఓ హోటల్లో హాలు. ఇంచుమించు వంద సీట్లు. గ్రాస్‌మార్కెట్ అంటే ఒకప్పుడు బహిరంగంగా ఉరితీసిన ప్రదేశం. తల తెగిన రాణులిద్దరు పాడటానికి అంతకన్నా తగిన వీధి ఎక్కడ దొరుకుతుంది! హెన్రీ చనిపోయింది 1547లో, ఫ్రింజ్ మొదలైంది 1947లో. సరిగ్గా నాలుగు వందల ఏళ్లు. కాకతాళీయమే అయినా చెప్పుకోవడానికి బాగుంది.

ఫ్రింజ్‌లో ఆడటం ఒక్కటే నటుల పని కాదు. రాయల్ మైల్ అనే పాత వీధిలో నిలబడి, పోయేవాళ్ల చేతుల్లో కరపత్రాలు పెట్టి, రమ్మని బతిమాలాలి. వానొచ్చినా సరే. అదే వీధిలో వందల బృందాలు అదే పనిమీద ఉంటాయి. ఇక ఆగస్టులో ఆ ఊళ్లో గది అద్దెలు వింటే గుండె ఆగుతుంది. బృందంలో ఒక్క మనిషి పెరిగినా మూడు వారాల బస, భోజనం పెరుగుతాయి. ఫ్రింజ్ నాటకాల్లో ఒకే నటుడివి, ఇద్దరు నటులవి అన్ని ఎందుకుంటాయో అర్థమైంది కదా! ఆ లెక్కన ఆరుగురు పాడేవాళ్లు, నలుగురు వాయించేవాళ్లు అంటే పెద్ద సంసారమే.

చూసినవాళ్లు ఇంకొకరికి చెప్పారు. ఆఖరి రోజులకు టికెట్లు దొరకలేదు. తిరిగొచ్చాక కేంబ్రిడ్జ్‌లో మళ్లీ ఆడారు. అప్పుడే లండన్ నిర్మాతల కళ్లలో పడ్డారు. ఆ డిసెంబరులో లండన్ ఆర్ట్స్ థియేటర్‌లో కొన్ని ప్రదర్శనలు, 2018లో బ్రిటన్ పర్యటన, 2019లో షికాగో. ఇక మిగిలింది న్యూయార్క్.

తెర లేవని రాత్రి

బ్రాడ్‌వే ప్రారంభోత్సవానికి పెట్టిన ముహూర్తం 2020 మార్చి 12. ఆ సాయంత్రం తెర లేవాలి. మధ్యాహ్నం ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది, కరోనా కారణంగా థియేటర్లన్నీ ఆ సాయంత్రం నుంచే మూసేయాలని! ముస్తాబైన రాణులు కొన్ని గంటల తేడాలో ఆగిపోయారు. మళ్లీ ముహూర్తం కుదిరింది 2021 అక్టోబరు 3న. దాదాపు పంతొమ్మిది నెలల నిరీక్షణ. సహ దర్శకుడు జేమీ ఆర్మిటేజ్‌తో కలిసి నాటకాన్ని నడిపిన లూసీ మాస్, బ్రాడ్‌వే మ్యూజికల్‌కు దర్శకత్వం వహించిన మహిళల్లో అతి పిన్న వయస్కురాలిగా పేరు తెచ్చుకుంది. 2022లో టోనీ అవార్డుల్లో ఉత్తమ సంగీత సాహిత్యం పురస్కారం టోబీ, లూసీలకు వచ్చింది. దుస్తుల రూపకల్పనకు గాబ్రియెల్లా స్లేడ్‌కు మరొకటి.

అంచు నుంచి నడిబొడ్డుకు వచ్చిన నాటకాలు ఇంతకుముందూ ఉన్నాయి. టామ్ స్టాపార్డ్‌ను ప్రపంచానికి చూపించిన నాటకాన్ని 1966లో ఎడిన్‌బరో ఫ్రింజ్‌లో ఆడింది ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులే. 1999లో న్యూయార్క్ ఫ్రింజ్‌లో ‘యూరిన్‌టౌన్’ అనే మ్యూజికల్ ఆడింది. ప్యారిస్‌లో చేతిలో డబ్బుల్లేక, డబ్బిస్తేనే తలుపు తెరుచుకునే మరుగుదొడ్ల ముందు తిప్పలు పడ్డ గ్రెగ్ కోటిస్‌కు తట్టిన కథ అది. 2001లో బ్రాడ్‌వే చేరింది. అయితే ఇలాంటివి వేళ్లమీద లెక్కపెట్టగలిగినవే. ఆగస్టు ముగిశాక చేతిలో మిగిలిన కరపత్రాల కట్టలతో, కొంత అప్పుతో రైలెక్కే బృందాలే ఎక్కువ. వాళ్లలో చాలామంది మరుసటి ఏడాది మళ్లీ వస్తారు, అది వేరే సంగతి.

‘సిక్స్’ పెద్దదయ్యాక పాత్రల ఎంపిక మరీ కష్టమైంది. రాణుల్లో ఎవరికి జ్వరమొచ్చినా ప్రదర్శన ఆగకూడదు కాబట్టి ‘ఆల్టర్నేట్లు’ అని కొందరు సిద్ధంగా ఉంటారు. ఒక్కొక్కరికి ఒకరికి మించిన రాణుల పాటలు, అడుగులు వచ్చి ఉండాలి. పొద్దున ఫోనొస్తే రాత్రికి ఏ రాణి అవుతారో వాళ్లకే తెలియదు. ఒంటి రంగు, ఒళ్లు, ఎత్తు చూడరు, గొంతు చూస్తారు.

ఇప్పుడు బడిపిల్లలు ఆడుకోవడానికి వీలుగా ‘సిక్స్: టీన్ ఎడిషన్’ కూడా వచ్చింది. ఆడాలనుకునే బడి ముందు హక్కులు తీసుకోవాలి. రాయల్టీ ఖర్చు లేకుండా సొంతంగా రాసుకున్న నాటకానికి ఇప్పుడు ఎవరో రాయల్టీ కడుతున్నారన్నమాట.