చిక్కీలో పల్లీలాగా

బుజ్జీ, అటక మీంచి దించిన పాత డబ్బా టీవీకి వెనక అంత పొడుగు మెడ ఎందుకని అడిగావు కదూ? రా, ఇలా కూర్చో. బొమ్మ కనబడేది ముందు గాజు మీదే. దాన్ని గీసేది మాత్రం ఆ మెడలో ఉన్న ఎలక్ట్రాన్ గన్. 1897లో జర్మనీలో బ్రౌన్ గారు చేసిన ట్యూబే ఇలాంటి టీవీ ట్యూబులన్నిటికీ మూలపురుషుడు.

మెడ చివర క్యాథోడ్ ఉంటుంది. చిన్న నికెల్ టోపీ, దాని నెత్తిన బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల తెల్లటి పూత. లోపలి తీగ కాగి, టోపీ సుమారు 800 డిగ్రీలకు చేరితే పూతలోంచి ఎలక్ట్రాన్లు ఊరుతాయి. దాని ముందు వరసగా స్టీలు గిన్నెలు, వాటి మధ్యలో చిల్లులు. మొదటి చిల్లు అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. ఆ గిన్నె ఎలక్ట్రాన్లకు కళ్లెం వేస్తుంది. తర్వాతివి వాటిని లాగి, సన్నటి ధారగా కూడగడతాయి.

చిక్కంతా వీటిని నిలబెట్టడంలోనే. ఒక్కో గిన్నెకు ఒక్కో వోల్టేజి, రంగుల టీవీలో చివరిదానికి 25,000 వోల్టుల దాకా. కాబట్టి ఒకదానికొకటి తగలకూడదు. కదలకూడదు. చిల్లులన్నీ ఒకే గీత మీద ఉండాలి. జిగురు పెడదామా అంటే, వేడికి ఆవిరులు పుట్టి లోపలి శూన్యాన్ని పాడుచేస్తాయి.

నాయనమ్మ చేసే పల్లీ చిక్కీ గుర్తుందా? పాకం లేతగా ఉన్నప్పుడు పల్లీ ఎటు నొక్కితే అటు దిగుతుంది. గట్టిపడ్డాక గోరుతో గిల్లినా రాదు. ఇక్కడా అంతే. గిన్నెలను పూసల్లా నున్నటి ఉక్కు కడ్డీకి గుచ్చి, మధ్యలో కొలత రేకులు పెట్టేవారు. గాజు కడ్డీలను గ్యాసు మంటలో మెత్తబరిచి, రెండు పక్కల నుంచీ ఒక్కసారే నొక్కేవారు. గిన్నెల కొక్కేలు గాజులోకి దిగి బిగుసుకునేవి. చల్లారాక రేకులనూ ఉక్కు కడ్డీనీ లాగేసేవారు. గాజు కరెంటును పోనివ్వదు, ఆవిరులూ వదలదు. ఎంత చక్కటి ఉపాయమో చూడు!

నన్ను ఎప్పుడూ అబ్బురపరిచేది ఆ తర్వాతి పని. క్యాథోడ్‌ను చివర్లో అమర్చేవారు. దానికీ మొదటి గిన్నెకూ మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు. వేడెక్కితే క్యాథోడ్ సాగి ముందుకు జరుగుతుంది కనుక, చల్లగా ఉన్నప్పుడే ఆ మేరకు ఎడం ఎక్కువ ఉంచేవారు. రంగుల ట్యూబులో క్యాథోడ్లు మూడు. ఒకదాని సందు తేడా వస్తే బూడిదరంగులో ఎరుపో పచ్చో తొంగిచూస్తుంది. చిల్లు పక్కకు జరిగితే తెర మీద ధార వేసే చుక్క గుండ్రంగా పడక కోలగా సాగుతుంది.

మెడ మూసి గాలి తోడేశాక లోపల చెయ్యి పెట్టే వీలు లేదు. బయట అయస్కాంతపు ఉంగరాలు తిప్పి ధారను కాస్త అటూ ఇటూ జరపగలరు, అంతే.

ఈ టీవీ మూత మాత్రం నువ్వు విప్పకు నాన్నా. ఆపేసిన ట్యూబులోనూ షాక్ కొట్టే కరెంటు మిగిలుంటుంది, పగిలితే గాజు ముక్కలు ఎగురుతాయి. ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు అడుగు, దూరం నుంచి చూపిస్తాడు. మెడలో గిన్నెల పక్కన నిలువుగా కనబడే తెల్లటి కడ్డీలే మన పాకం గాజు.