నాదెండ్ల గీత మీద తెరచాప కాపురాలు

ప్రపంచ పటంలో పల్నాడు జిల్లా నాదెండ్ల మీద వేలు పెట్టి తిన్నగా పడమటికి జరపండి. ఊరు ఉత్తర అక్షాంశం 16 డిగ్రీలకు కాస్త పైన ఉంటుంది. వేలు రాయచూరు మీదుగా వెళ్లి, కొంకణ తీరంలో దేవగఢ్, మాల్వణ్‌ల మధ్య సముద్రంలో దిగుతుంది. యెమెన్, సూడాన్ దాటి, మాలీలో గావో పట్నాన్ని ఒరుసుకుంటూ ఆఫ్రికా పడమటి ఒడ్డుకు చేరుతుంది. అక్కడినుంచి కేప్ వెర్డీ దీవుల్లో బోవా విస్తా. ఆ తర్వాత 2 వేల నాటికల్ మైళ్లకు పైగా నీళ్లు తప్ప ఏమీ లేవు. నీళ్లు అయిపోయాక తగిలే మొదటి గడ్డ కరీబియన్ సముద్రపు అంచున ఉన్న గ్వాడెలూప్ దీవి. మిరప కల్లాల ఊరూ, పగడపు దిబ్బల దీవీ ఒకే గీత మీద ఉన్నాయన్నమాట.

ఆ గీతలో చివరి ముక్క, కేప్ వెర్డీ నుంచి కరీబియన్ దాకా, తెరచాప పడవల వాళ్లకు రాజమార్గం. చలికాలంలో ఈశాన్యపు గాలి వెనకనుంచి తోస్తుంటే మొగుడూ పెళ్లాలు ఇద్దరే ఓ చిన్న పడవలో ఈ దారిన బయల్దేరుతారు. ఏటా వందల పడవలు అట్లాంటిక్ దాటుతాయి. ముప్ఫై అడుగుల పడవ సగటు వేగం గంటకు 5 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 9 కిలోమీటర్లు. సైకిలు తొక్కేవాడు దాన్ని దాటేస్తాడు. కాకపోతే పడవ రాత్రీ పగలూ ఆగదు. రోజుకు 120 మైళ్ల చొప్పున పద్దెనిమిది, ఇరవై రోజులకు అవతలి గట్టు కనపడుతుంది.

ఇద్దరూ కలిసి నిద్రపోని కాపురం

ఇక్కడే అసలు వింత ఉంది. నడి సముద్రంలో లంగరు వేయడానికి అడుగు అందదు, పడవను ఆపి పడుకోవడం కుదరదు. ఎవరో ఒకరు మేలుకుని గాలిని, తెరచాపను, ఎదురొచ్చే ఓడల దీపాలను కనిపెట్టుకుని ఉండాలి. చాలా జంటలు మూడేసి గంటలో, నాలుగేసి గంటలో వంతులు వేసుకుంటాయి. ఆమె లేచేసరికి ఆయన పడుకుంటాడు. ఇరవై నాలుగు గంటలూ పది అడుగుల దూరంలోనే ఉంటారు గానీ కలిసి తీరిగ్గా అన్నం తినేది ఒక్క పూటే.

దీవి కనపడితే కష్టాలు తీరాయనుకుంటాం గానీ అప్పుడే కొత్తవి మొదలవుతాయి. పగడపు దిబ్బల మధ్య దారి వెతకాలంటే సూర్యుడు నడినెత్తి మీదో, వీపు వెనకో ఉండాలి. ఒకరు ముందుకొమ్ము మీద నిలబడి నీటి రంగులు చదువుతారు. ముదురు నీలమైతే లోతు, లేత ఆకుపచ్చైతే ఇసక మేట, గోధుమ రంగు కనపడితే రాయి. వెనక చుక్కాని పట్టుకున్నవాళ్లకు గాలిలో మాట వినపడదు కాబట్టి చేత్తో సైగలు చేయాలి. దంపతుల మధ్య పెద్ద పోట్లాటలన్నీ లంగరు వేసేటప్పుడే జరుగుతాయని పడవల వాళ్లు చెప్పుకుని నవ్వుకుంటారు.

ఇల్లాలి పనులూ, ఇంటాయన పనులూ వేరువేరుగా ఉండవు. గిన్నెలు ఉప్పునీళ్లతో తోమి, చివర్లో కాసిని మంచినీళ్లతో తొలవాలి. వాన పడితే గుడ్డ పందిరి కట్టి నీళ్లు పట్టాలి. అట్టపెట్టెలను పడవ ఎక్కనివ్వరు, వాటి మడతల్లో బొద్దింకల గుడ్లు వస్తాయని. వీటన్నిటికీ పైన తుపాను కాలం లెక్క. కరీబియన్‌లో జూన్ నుంచి నవంబరు దాకా, దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల దారిలోంచి తప్పుకోవాలి. సంసారం ఏ దీవిలో ఉండాలో ఆ క్యాలెండరే చెబుతుంది.

ఇంజను లేకుండా రెండు చుట్లు

ఈ బతుకును పుస్తకాలకెక్కించి నలుగురికీ ఆశ పుట్టించింది ఇంగ్లండుకు చెందిన ఎరిక్, సూసన్ హిస్కాక్ దంపతులు. 30 అడుగుల వాండరర్-3లో 1952లో బయల్దేరి 1955లో తిరిగొచ్చారు. ఎరిక్‌కు చూపు బాగా మందం. అయినా 1959లో మళ్లీ బయల్దేరి రెండోసారి భూగోళం చుట్టారు.

నా ఓటు మాత్రం లిన్, లారీ పార్డీలకు. 24 అడుగుల సెరఫిన్‌ను కాలిఫోర్నియాలో లారీ చేత్తో కట్టాడు. 1968లో నీళ్లలోకి దించి, తూర్పు దిక్కుగా భూమిని చుట్టి రావడానికి పదకొండేళ్లు తీసుకున్నారు. తర్వాత 29 అడుగుల టలేసిన్ కట్టుకుని పడమటి దిక్కుగా మళ్లీ చుట్టారు. రెండు పడవల్లోనూ ఇంజను లేదు. దీపాలు కిరసనాయిలువి. మరుగుదొడ్డి అంటే ఒక బకెట్టు. గాలి పడిపోతే కూర్చుని గాలికోసం చూడటమో, పొడుగాటి తెడ్డు వేయడమో. జపాన్ నుంచి కెనడాకు 49 రోజులు సాగిన ప్రయాణంలో ఏ పూట ఏం వండిందీ, ఏ కూరగాయ ఎన్నో రోజున కుళ్లిందీ లిన్ రాసిపెట్టుకుంది. అదంతా 1980లో పుస్తకమై వచ్చింది. సముద్రపు సాహసాల మీద పుస్తకాలు బోలెడు. 49 రోజుల వంట లెక్క రాసినవాళ్లు ఎందరు?

వేగం మాటకొస్తే, 2017 జనవరిలో ఫ్రెంచి నావికుడు ఫ్రాన్సిస్ జ్వాయాఁ ఐదుగురు తోటివాళ్లతో 40 రోజుల 23 గంటల్లో ప్రపంచాన్ని చుట్టేశాడు. భేష్. కానీ ఒక్క దీవిలోనూ దిగలేదు. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టిన మొదటివాడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1969లో 312 రోజులు తీసుకున్నాడు. ఆయన పడవ సుహైలీని కట్టింది మన బొంబాయిలో, టేకు చెక్కతో.

టెలిఫోన్ స్తంభం తెరచాప కొయ్య

హనోయ్‌లో పుట్టిన ఫ్రెంచివాడు బెర్నార్డ్ మ్వాటెసియే, ఆయన భార్య ఫ్రాన్స్వాజ్ పసిఫిక్‌లోని మూరియా దీవి నుంచి 1965 నవంబరులో ఇంటి దారి పట్టారు. పనామా కాలువ మీదుగా వస్తే దారంతా దీవులూ, గాలీ హాయిగా ఉంటాయి. వీళ్లు కేప్ హార్న్ చుట్టూ, మంచు గాలుల్లోంచి తిరిగారు. ఎక్కడా ఆగకుండా 126 రోజులు, 14,216 మైళ్లు నడిచి 1966 మార్చిలో స్పెయిన్‌లోని అలికాంటే చేరారు. చిన్న పడవ ఆగకుండా నడిచిన దూరాల్లో అప్పటికి అదే పెద్దది. వాళ్ల ఉక్కు పడవకు తెరచాప కొయ్యలుగా నిలబెట్టినవి టెలిఫోన్ స్తంభాలు.

తిమింగలం ఒక్క దెబ్బ

మారిస్, మారలిన్ బెయిలీలది ఇంగ్లండులోని డెర్బీ. ఇల్లు అమ్మి పడవ కొన్నారు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి ‘ఆరలిన్’ అని పేరు పెట్టారు. న్యూజిలాండ్ వెళ్లి స్థిరపడాలని ఆలోచన. మారలిన్‌కు ఈత రాదు. సందేశాలు పంపే రేడియో కూడా వద్దనుకున్నారు, ప్రపంచంతో గొడవ ఎందుకని. 1973 మార్చి 4న పనామా నుంచి గలపాగోస్ దీవులకు వెళ్తుండగా తిమింగలం గుద్దింది. నీటిమట్టానికి కింద బెజ్జం పడి, గంట తిరగకుండానే పడవ మునిగింది.

మిగిలినవి ఒక రబ్బరు తెప్ప, ఒక చిన్న గాలి పడవ, చేతికందిన కొన్ని డబ్బాలు. తిండి అయిపోయాక పిన్నీసులు వంచి గాలాలు చేశారు. తాబేళ్లను పట్టారు. చిన్న సొరచేపలను ఉత్త చేతులతో తోక పట్టి లాగారు. ఏడు ఓడలు వాళ్లను చూడకుండానే పోయాయి. మారిస్ ఆశ వదిలేసుకున్నాడు, మారలిన్ వదలలేదు. కాగితం ముక్కలతో పేకలు చేసి ఆడించింది. ఒడ్డుకు చేరాక చేసే విందుల వంటకాలు జాబితా రాసింది. ఇంకో పడవ కట్టిస్తే గదులు ఎలా ఉండాలో బొమ్మలు గీసింది. ప్రమాదం జరిగిన 118 రోజులకు, జూన్ 30న, దక్షిణ కొరియా చేపల ఓడ వోల్మీ 306 వాళ్లను పైకి తీసింది. అప్పటికి చెరో 18 కిలోలు తగ్గారు.

ఊళ్లో వాళ్లం అయితే ఆ తర్వాత చెరువు గట్టుకు కూడా పోం. వాళ్లు ఆరలిన్-2 కట్టించుకుని పటగోనియా వెళ్లారు.

కొండవీటికి దిగిన కర్పూరం

ఇదంతా తెల్లవాళ్ల సరదా, మనకేం సంబంధం అనకండి. శాతవాహన యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. పల్నాటి నాగార్జునకొండలో 3వ శతాబ్దంలో సింహళ విహారమే ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం సింహళ దీవి భిక్షువులను తలుచుకుంటుంది. తమాషా ఏమిటంటే దీవి వాళ్లు వచ్చి ఉన్న ఆ కొండ, సాగర్ జలాశయం నిండాక, తానే దీవి అయి కూర్చుంది. ఇప్పుడు అక్కడి మ్యూజియం చూడాలంటే లాంచీ ఎక్కాలి.

నాదెండ్లకు ఇంకా దగ్గరి కథ కొండవీటిది. రెడ్డిరాజు కుమారగిరి వసంతోత్సవాలకు పరిమళ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఈయనకే. సుమత్రా దీవి నుంచి కర్పూరం, సింహళం నుంచి ఏనుగులు, హోర్ముజ్ నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు తెరచాప ఓడల్లో వచ్చేవి. తర్వాతి రోజుల్లో, కృష్ణదేవరాయల కాలంలో, కొండవీటిని ఏలింది ఊరి పేరే ఇంటిపేరైన నాదెండ్ల గోపమంత్రి.

ఆ సరుకు దిగిన రేవుల్లో మోటుపల్లి ముఖ్యం. అక్కడ కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనాన్ని ఈ విశేషాల్లో నేను ముందు వరసలో పెడతాను. తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే దాన్ని రాజు లాక్కోవడం అప్పటి ఆచారం. గణపతిదేవుడు అది మానేసి, సుంకం తప్ప మిగతాదంతా ఓడవాళ్లదే అన్నాడు. 1358లో అనవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ రాయితీలు ప్రకటించాడు.

తారిణిలో ఇద్దరు

2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరిన నౌకాదళపు తెరచాప పడవ తారిణిలో ఆరుగురూ ఆడవాళ్లే. వాళ్లలో లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతిది విశాఖపట్నం, లెఫ్టినెంట్ బి. ఐశ్వర్యది హైదరాబాద్. 55 అడుగుల పడవలో 21,600 నాటికల్ మైళ్లు తిరిగి 254 రోజులకు, 2018 మే 21న ఇల్లు చేరారు. న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ నుంచి ఫాక్‌లాండ్ దీవుల దాకా 41 రోజులు ఒక్క విడతలో నడిచారు. ఇదే పడవలో 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అనే అధికారిణులు ఇద్దరే బయల్దేరి, 238 రోజుల్లో భూమిని చుట్టి వచ్చారు. వంతుల లెక్క వాళ్లకూ ఒకటే, నువ్వు పడుకుంటే నేను లేవాలి.

మొదటి యాత్రలో ఆఖరి అంచెన చుక్కాని యంత్రం మొరాయించి, అనుకోకుండా తారిణి మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగింది. కోరంగి తీరం నుంచి చెరకు తోటల కూలికి పోయిన మన వాళ్లు 19వ శతాబ్దంలో ఓడ దిగిన రేవు అదే. ఉగాది అక్కడ సర్కారు సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా ఆ దీవిలోనే జరిగాయి.

పసిఫిక్‌లో తిరిగే జంటలకు ఫిజీ తప్పనిసరి మజిలీ. అక్కడ ఏ పల్లె ముందు లంగరు వేసినా, ముందుగా యంగోనా వేళ్ల కట్ట పట్టుకుని ఊరి పెద్దను చూసి అనుమతి అడగాలి. మద్రాసు నుంచి 1903లో మొదలైన ఓడల్లో తెలుగు కూలీలూ వెళ్లారు. 1941లో పుట్టిన ఆంధ్ర సంగం ఇప్పటికీ నడుస్తోంది.

మనకు అన్నిటికన్నా దగ్గరివి అండమాన్ దీవులు. విదేశీ పడవలేవైనా ముందు పోర్ట్ బ్లెయిర్‌లో లంగరు వేసి, కాగితాలు చూపించి, ఏ దీవికి వెళ్లేదీ చెప్పి కదలాలి. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. 2011 లెక్కల్లో ఆ దీవుల్లోని ప్రతి వందమందిలో 13 మంది మాతృభాష తెలుగు. ఊళ్లోని జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం, గోదావరి తీరాల నుంచి పోయి స్థిరపడిన చేపల వేటగాళ్ల కుటుంబాలున్నాయి. చేపల ధర తెలుగులోనే బేరమాడవచ్చు.