కొండవాగుకు రాళ్లే కళ్లెం: లెక్క తప్పితే ముంపే

గురుగ్రామ్: కొండవాగుకు వరద వస్తే నీరు ఎంత ఎత్తుకు లేస్తుందన్న ప్రశ్నకు ఇంజనీర్లు చెప్పే సమాధానం చాలావరకు ఒకే ఒక్క అంకెపై ఆధారపడి ఉంటుంది. వాగు అడుగు, గట్లు ప్రవాహాన్ని ఏ మేరకు నిరోధిస్తాయో తెలిపే ఈ గరుకుతన గుణకాన్ని నేరుగా కొలిచే పరికరం లేదు. ప్రవాహాన్ని కొలిచి గుణకాన్ని రాబట్టాలి, లేదా అనుభవంతో ఊహించాలి. వరద వేళ కొండవాగులో దిగి కొలవడం ఎవరి తరమూ కాదు కనుక తరచు ఊహే శరణ్యమవుతోంది.

ఢిల్లీ శివారులోని ఈ నగరానికి ఈ లెక్కతో దగ్గరి సంబంధమే ఉంది. జలవనరుల రంగంలో సలహాలిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాప్‌కోస్ కార్యాలయం ఇక్కడే ఉంది. జలవిద్యుత్ సంస్థ ఎన్‌హెచ్‌పీసీ ప్రధాన కార్యాలయం పొరుగునున్న ఫరీదాబాద్‌లో ఉంది. అంతేకాక, ఆరావళి కొండల మీద కురిసిన వాననీరు నగరం గుండానే పారవలసి ఉంది.

ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మ్యానింగ్ 1889లో ప్రతిపాదించిన సూత్రమే నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. నున్నని సిమెంటు కాలువకు గుణకం సుమారు 0.013 కాగా, పెద్ద బండరాళ్లున్న కొండవాగుకు పాఠ్యగ్రంథాలు సాధారణంగా 0.05 సూచిస్తాయి. అయితే ఈ అంకె నిటారు వాగులకు చాలదని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ జారెట్ 1984లో నిరూపించారు. కొలరాడో రాష్ట్రంలోని 21 వాగులలో 75 సార్లు కొలతలు తీసి, వాలు పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతుందని, నీటి లోతు పెరిగేకొద్దీ తగ్గుతుందని ఆయన తేల్చారు.

కారణం వాగు ఒడ్డున నిలబడి చూసినవారికి తెలిసిందే. లోతు తక్కువగా ఉన్నప్పుడు బండరాళ్లు నీటిపైకి తేలి ఉంటాయి. ప్రవాహం వాటిని ఢీకొని చీలుతుంది, మెట్టుమెట్టుగా గుంటల్లోకి దూకుతుంది, సుడులు తిరుగుతుంది. నురగలు కక్కుతూ ఎంతో వేగంగా పోతున్నట్టు కనిపించినా దాని శక్తిలో అధికభాగం ఆ రాళ్ల మధ్యనే హరించుకుపోతుంది.

జారెట్ సూత్రం ప్రకారం, నూటికి మూడు వంతుల వాలున్న వాగులో సుమారు 60 సెంటీమీటర్ల లోతున గుణకం 0.09 వరకు వస్తుంది. అంటే నీటి వేగం పాఠ్యగ్రంథపు అంచనాలో దాదాపు సగమే. అదే వాలులో, పాత గుణకంతో ఒకటిన్నర మీటరు లేస్తుందనుకున్న వరద నిజానికి 1.9 మీటర్లకు చేరుతుంది. వంతెన కట్టేవారికి ఈ తేడా చిన్నదేమీ కాదు. గట్ల మీది వరద ఆనవాళ్లను బట్టి గత ప్రవాహాలను లెక్కించేటప్పుడు పొరపాటు ఎదురు తిరుగుతుంది. రానంత వరద వచ్చినట్టు తేలి, నిర్మాణవ్యయం అనవసరంగా పెరుగుతుంది.

కొలరాడో సూత్రాన్ని హిమాలయాలకు యథాతథంగా అన్వయించడమూ క్షేమం కాదు. అక్కడి ఉపనదులు అనేకం అంతకంటే నిటారుగా ఉంటాయి. 2011లో రికెన్‌మాన్, రెకింగ్ అనే పరిశోధకులు 2,890 క్షేత్ర కొలతలను పరిశీలించి, రాళ్ల పరిమాణంతో లోతును పోల్చే పద్ధతులను బేరీజు వేశారు. ఇక 2021 ఫిబ్రవరి 7న చమోలీలో రాయి, మంచు కలగలిసి విరుచుకుపడి రెండు వందల మందికి పైగా మరణించడమో గల్లంతు కావడమో జరిగింది. అటువంటి ప్రవాహానికి నీటి సూత్రాలేవీ నేరుగా పనికిరావు.

గురుగ్రామ్‌లో సమస్య తలకిందులైంది. ఆరావళి వాలుల మీది రాళ్లు, పొదలు నీటి నడకను మందగింపజేసేవి. లోతు, వాలు ఒకటే అయినప్పుడు సిమెంటు కాలువలో నీరు రాళ్ల వాగులో కంటే మూడింతలకు పైగా వేగంతో పరుగెడుతుంది. త్వరగా పోయింది కదా అని సంతోషించడానికి లేదు. దిగువన ఇరుకు తగిలితే అక్కడే పోగుపడుతుంది. విజయవాడకు బుడమేరు ఎటువంటిదో ఈ నగరానికి బాద్‌షాపూర్ కాలువ అటువంటిది. 2016 జులై 28న అది పొంగి హీరో హోండా కూడలి జలమయమైంది. వాహనాలు రాత్రంతా నిలిచిపోగా, మరునాడు అక్కడ 144వ సెక్షను విధించవలసి వచ్చింది. ఖాండ్సా గ్రామం వద్ద కాలువ ఇరుకుగా ఉండటమే ఇందుకు ఒక ప్రధాన కారణమని అప్పట్లో గుర్తించారు.

కొండనీటిని ఆపి నిదానంగా ఇంకించేందుకు ఘాటా, చక్కర్‌పూర్, వజీరాబాద్ తదితర చోట్ల బ్రిటిష్ హయాంలో మట్టికట్టలు ఉండేవి. వాటి వెనుక నీరు నిలిచిన పల్లాలలో చాలా వాటిని నేడు భవనాలు, రోడ్లు ఆక్రమించాయి.