తీవ్ర స్థూలకాయము: చిన్న గాట్ల శస్త్రచికిత్స

మితిమీరిన స్థూలకాయముతో బాధపడువారిని చూచి లోకము నవ్వును. "తిండి తగ్గించిన సరి" యని సలహా చెప్పనివారు అరుదు. కాని బరువు కొంత తగ్గినంతనే శరీరము ఆకలిని హెచ్చించి, శక్తివ్యయమును తగ్గించి, పోయిన బరువును తిరిగి కూర్చుకొన యత్నించును. ఇది మనోబలము లేమివలన కలిగిన దోషము కాదు, దేహధర్మము. తీవ్ర స్థూలకాయము ఒక వ్యాధి. మధుమేహము, రక్తపుపోటు, మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగుట మున్నగునవి దాని వెంట వచ్చును.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారము మన దేశమున 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 24 మందియు, పురుషులలో నూటికి 23 మందియు అధిక బరువు కలవారు. వీరిలో అత్యధికులకు ఆహారనియమము, వ్యాయామము, అవసరమైనచో మందులు చాలును. శస్త్రచికిత్స కావలసినవారు కొద్దిమంది.

ఎవరికి తగినది?

కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుచే రెండుమార్లు భాగించగా వచ్చు సంఖ్యకు శరీరభార సూచిక యని పేరు. 1 మీటరు 60 సెంటీమీటర్ల ఎత్తు, 105 కిలోల బరువు గల గృహిణి సూచిక 41. 1991 నుండి పెక్కు దేశములలో పాటించిన నియమము ప్రకారము, సూచిక 40గాని అంతకు మించిగాని ఉన్నవారికిని, 35 మొదలుకొని మధుమేహాది వ్యాధులు గలవారికిని శస్త్రచికిత్స తగును. ఆసియావాసులకు తక్కువ బరువులోనే మధుమేహము కలుగుచున్నందున, వీరి విషయమున 27.5 నుండియే ఈ చికిత్సను ఆలోచింపవచ్చునని 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘములు సూచించినవి. అయినను సంఖ్య యొక్కటియే చాలదు. రోగి గుండె, ఊపిరితిత్తులు, మానసికస్థితి, ఆహారపు అలవాట్లు అన్నియు పరీక్షించి వైద్యులు నిర్ణయింతురు.

చేయు విధము

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ 1966లో ఆమాశయ బైపాస్ శస్త్రచికిత్సను ఆరంభించెను. ఆనాడు పొట్టను పొడవుగా కోయవలసివచ్చెడిది. 1990వ దశకమునుండి లాపరోస్కోపు సాయమున ఈ పని చిన్న గాట్లద్వారా జరుగుచున్నది. రోగికి మత్తు ఇచ్చి, ఉదరమును బొగ్గుపులుసు వాయువుతో ఉబ్బించి, ఒక సెంటీమీటరు ప్రాంతపు గాట్లు అయిదారు పెట్టుదురు. ఒకదానిలో కెమెరాను, తక్కినవానిలో పనిముట్లను చొప్పించి, తెరపై చూచుచు పని నెరవేర్తురు.

ఇందు ముఖ్యమైనవి రెండు. మొదటిది స్లీవ్ పద్ధతి. ఆమాశయములో ముప్పాతికకు పైగా భాగమును తొలగించి, అరటిపండువంటి సన్నని గొట్టమును మాత్రము మిగుల్తురు. ఆకలి పుట్టించు హార్మోను ఉత్పత్తియు దీనిచే తగ్గును. తొలగించిన భాగమును తిరిగి అమర్చుట సాధ్యము కాదు. రెండవది బైపాస్. ఆమాశయపు పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్ల సంచిని ఏర్పరచి, దానిని చిన్నప్రేగునకు కలుపుదురు. మధుమేహము తీవ్రముగా నున్నవారికి ఇది మిక్కిలి ఉపకరించును. పెక్కుమందిలో బరువు తగ్గకమునుపే రక్తములోని చక్కెర తగ్గును.

గాటు లేని పద్ధతులును కలవు. నోటిద్వారా ఎండోస్కోపును పంపి ఆమాశయమును లోపలినుండి కుట్టి ఇరుకు చేయుదురు. లేదా అందు ఉప్పునీటి బుడగను ఉంచి, సాధారణముగా ఆరు మాసములకు తీసివేయుదురు. వీనివలన తగ్గు బరువు శస్త్రచికిత్సవలన తగ్గుదానికన్న తక్కువ. బుడగ తీసినపిదప బరువు మరల పెరుగవచ్చును.

లాభము, అపాయము

స్వీడను దేశమున 1987లో ఆరంభించిన పరిశీలనలో 4,047 మంది స్థూలకాయులను ఏండ్ల తరబడి గమనించిరి. శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు తక్కువగా నున్నట్లు 2007లో వెల్లడియయ్యెను. వారిలో అధికులకు జరిగినది పెద్ద కోత శస్త్రచికిత్సయే. చిన్న గాట్ల పద్ధతిలో నొప్పి తక్కువ; పుండు చీము పట్టుటయు, హెర్నియా కలుగుటయు తక్కువ.

అయినను గాయము చిన్నదైనంత మాత్రమున చికిత్స చిన్నది కాదు. లోపలి అతుకు కారుట, రక్తస్రావము, కాళ్లలో రక్తము గడ్డకట్టుట అరుదుగా సంభవింపవచ్చును. ఇంటికి వచ్చినపిదప జ్వరము, గుండెదడ, తీవ్రమైన కడుపునొప్పి, ఆయాసము కలిగినచో తెల్లవారువరకు వేచియుండక ఆసుపత్రికి చేరవలెను. ఎడతెగని వాంతులను ఉపేక్షించినచో బి-1 విటమిను లోపించి నరములు, మెదడు దెబ్బతినును.

జీవితాంతము పాటింపవలసినవి

ఆహారమును కొద్దికొద్దిగా, మెత్తగా నమలి తినవలెను. పప్పు, పెరుగు, గ్రుడ్లు వంటి మాంసకృత్తులు గల పదార్థములను ముందుగా తినవలెను. భోజనముతోపాటు నీరు త్రాగరాదు. బి-12, డి విటమినులు, ఇనుము, కాల్షియము వైద్యుడు చెప్పిన ప్రకారము ఎన్నడును మానక తీసికొనవలెను. శాకాహారులు బి-12 విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను. మధుమేహపు మందుల మోతాదును వెంటనే సవరింపించుకొనవలెను. స్త్రీలు 12 నుండి 18 మాసములవరకు గర్భము ధరింపరాదు. ఏకాదశివంటి ఉపవాసములకు ముందు వైద్యుని అడుగవలెను.

ప్రకటనలను చూచి తొందరపడవలదు. చికిత్స చేయువారి అనుభవమెంత, ఏయే అపాయములు కలుగవచ్చును, అటుపిమ్మట ఏండ్ల తరబడి ఎవరు పరీక్షింతురు, మందులకు ఏటేట ఎంత వ్యయమగును అని ముందుగా విచారింపుడు. ఇంటివారును రోగితోపాటు వైద్యుని చెంతకు వెళ్లి ఈ నియమములను తెలిసికొనుట మేలు. వంటయింటి సహకారము లేనిదే ఈ చికిత్స ఫలింపదు.