ఊరి మందకు విత్తనపు ఆబోతు

చెనిక్కాయ విత్తనము కొనునపుడు మన రైతు గింజలను అరచేతిలో పోసుకొని పుచ్చు చూచును, పొల్లు చూచును, పక్కవానిని అడుగును. ఆవు ఎదకు వచ్చినపుడు మాత్రము చెరువుగట్టున ఏ కోడె కనబడిన ఆ కోడెయే చాలునని ఊరకుండును. ఆవు ఏడాదికొక దూడను ఈనిన అదే గొప్ప. ఆబోతు అట్లు కాదు. ఊరి మందలో తిరుగు ఒక్క ఆబోతు ఏడాదికి యాభై అరవై దూడలకు తండ్రి కాగలదు. కనుక మంద బాగుపడవలెనన్నను, చెడవలెనన్నను ఆవుల కంటె ఆబోతు వలననే త్వరగా జరుగును.

దీని లెక్క తేలికైనదే. దూడకు సగము గుణములు తల్లి నుండి, సగము తండ్రి నుండి వచ్చును. నాటు ఆవును మేలుజాతి ఆబోతుతో దాటించగా పుట్టిన పెయ్యలో సగము ఆ జాతి రక్తము. ఆ పెయ్య ఎదిగినపుడు అదే జాతికి చెందిన వేరొక ఆబోతుతో దాటించిన, దాని దూడలో ముప్పాతిక వంతు. మూడవ తరములో ఎనిమిదింట ఏడు వంతులు. పెయ్య పుట్టి, ఎదిగి, తొలిచూలు ఈనుటకు మన మేపులో మూడు నాలుగు ఏండ్లు పట్టును. అనగా పన్నెండు పదిహేను ఏండ్లలో ఒక ఊరి మంద రూపమే మారిపోవును. ఈ మాటను రైతులు రెండు విధములుగా గుర్తుంచుకొనవలెను. ఆబోతు మంచిదైన మంద అంత త్వరగా బాగుపడును. ఆబోతు మన నేలకు తగనిదైన, తాతలనాటి జాతి అంత త్వరగానే కనుమరుగగును.

దొరల కాలములో సర్కారు కన్ను మొదట పడినది ఆవు మీద కాదు, గుర్రము మీద. కుప్పము సీమకు దాపున ఉన్న హోసూరులో 1824లో గుర్రముల కేంద్రము పెట్టినారు. పటాలములకు గుర్రములు కావలసి వచ్చుటయే అందుకు కారణము. రైతు కాడికి కట్టు ఎద్దు సంగతి చాలాకాలమునకు గాని తలపునకు రాలేదు. ఆ హోసూరు కేంద్రమే తరువాత పశువుల క్షేత్రమయినది. ఒంగోలు జాతి కొరకు నెల్లూరు జిల్లా చింతలదేవిలో మరియొక క్షేత్రము ఏర్పడినది. మేలురకపు ఆబోతును పోషించు రైతుకు ఏటా కొంత సొమ్ము బహుమానముగా ఇచ్చు పద్ధతిని మదరాసు ప్రభుత్వము పెట్టినది. 1911లో ఏర్పడిన మన చిత్తూరు జిల్లా అప్పుడు ఆ రాజధానిలోనిదే.

1926లో నియమించిన వ్యవసాయ రాయల్ కమిషనుకు లిన్‌లిత్‌గో ప్రభువు అధ్యక్షుడు. మేపు చాలని చోట పశువులు బలహీనమగును, బలహీనమైన కొలది రైతు పని గడుపుకొనుటకు మరిన్ని పశువులను ఉంచుకొనును, అందువలన మేపు ఇంకను చాలకపోవును అని ఆ కమిషను 1928 నివేదికలో చెప్పినది. ఆ ప్రభువే 1936లో వైస్రాయిగా వచ్చి, తాను స్వయముగా ఆబోతులను కొని ఇచ్చి, ధనవంతులు కూడ ఊళ్లకు మంచి ఆబోతులను దానము చేయవలెనని కోరినాడు. అచ్చుపోసి ఆబోతును దేవుని పేర వదలుట మనకు తెలియని పని కాదు గదా! అయితే మందలో మేలైన కోడెదూడను వదలు ఆచారము సన్నగిల్లి, పనికిరాని దూడను వదలు అలవాటు చాలచోట్ల వచ్చినది. దేవునికి ఇచ్చునది ఊరి మందకు కూడ ఇచ్చుచున్నామని మరచినారు.

సర్కారు ఆబోతు వచ్చిన ఊళ్లన్నిటను మందలు బాగుపడలేదు. అందుకు ముఖ్యకారణము ఆబోతులో లేదు, కోడెలలో ఉన్నది. ఎద్దుకు మూపురము బలియవలెనని మన రైతులు కోడెలకు రెండు మూడు ఏండ్లు నిండువరకు విత్తులు కొట్టించరు. ఈలోగా ఆ కోడెలు బీడులో ఆవులతో కలిసి మేయును. సర్కారు ఆబోతు కొట్టములో కట్టివేయబడి యుండగా, ఊరి దూడలకు బీడులోని ఏ బక్కకోడెయో తండ్రియగును. ఇది గ్రహించియే 1940లో మదరాసు పశువుల అభివృద్ధి చట్టము చేసినారు. ఆబోతును ఉంచుకొనుటకు లైసెన్సు ఉండవలెనని, పనికిరాని వాటికి విత్తులు కొట్టించవలెనని అందులో ఉన్నది. 1951 తరువాత మొదటి పంచవర్ష ప్రణాళికలో వచ్చిన కీలక గ్రామ పథకమునకు కూడ ఇదే మూలసూత్రము. చట్టము కాగితము మీద ఉండును, కోడె బీడులో ఉండును. ఊరివారు ఒక మాట మీద నిలిచి, పశువైద్యుని పిలిపించి, బర్డిజో పటకారుతో ఒక్కరోజున పని ముగించిన ఊళ్లలోనే ఫలితము కనబడును. ఈ పద్ధతిలో కోత ఉండదు, పుండు పడదు.

ఇక ఆబోతు పోషణ. రెండున్నర, మూడు ఏండ్లు నిండనిదే దాటింపునకు వాడరాదు. ఎదిగిన ఆబోతును వారమునకు రెండు మూడు సార్లకు మించి వాడిన వీర్యము పలుచబడి ఆవులు చూడి నిలువవు. పచ్చిమేత, తవుడు, చెక్క, కొంచెము ఉప్పు ఇచ్చుచు రోజూ నడిపించవలెను. కొవ్విన ఆబోతు చూపునకే గాని పనికి కాదు. మూడేండ్లు గడిచిన తరువాత దానిని పొరుగూరికి మార్చి, అక్కడి ఆబోతును తెచ్చుకొనుట మేలు. ఆలస్యము చేసిన దాని పెయ్యలే ఎదిగి దాని దగ్గరకు వచ్చును. తండ్రి బిడ్డల కలయికలో పుట్టిన దూడలు గిడసబారుట, ఈత ఆలస్యమగుట, చావులు హెచ్చుట తరచు కలుగును.

ఈ మాట పుంగనూరు ఆవు విషయములో మరింత అవసరము. తొంబది సెంటీమీటర్లకు మించని ఎత్తు, వెడల్పైన నుదురు, చిన్న వంకకొమ్ములు, వెనుకకు వాలిన వీపు, నేలను తాకు తోక దీని గుర్తులు. తక్కువ మేతతో, వానలు లేని ఏడు కూడ నిలుచును. పాలు హెచ్చవలెనని జెర్సీ, హోల్‌స్టీన్ ఆబోతుల వీర్యముతో సంకరము చేయగా మన జిల్లాలో పాలు పెరిగిన మాట నిజము. ఎన్నో ఇండ్లు ఆ పాల మీదనే నిలిచినవి. కాని పైన చెప్పిన మూడు తరముల లెక్క పుంగనూరు పల్లెలలోను జరిగి, మేలైన జాతి కొద్ది మందలకే పరిమితమైనది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయపు పలమనేరు పరిశోధన స్థానము ఆ జాతిని నిలుపుచున్నది.

ఈ మధ్య దాని ధర అమాంతము పెరిగినది. పొట్టిగా ఉన్న ప్రతి దూడను పుంగనూరు అని అమ్ముచున్నారు. పొట్టితనమే జాతి కాదు. కోడెను కొనునపుడు దాని తల్లిని చూడవలెను, తండ్రి ఎవరిదో, ఏ మందలోనిదో వ్రాతమూలముగా అడగవలెను. ఆ వ్రాత లేని కోడెను ఇంట సాకుకొనవచ్చును గాని విత్తనమునకు వాడరాదు. నిజమైన పుంగనూరు ఆవు ఉన్నవారు దానిని పెద్దజాతి ఆబోతుతో దాటించరాదు. జాతి పోవుట అటుంచి, దూడ పెద్దదై ఈత కష్టమగును.

నేడు ఆబోతును ఊరికి తోలుకొని రావలసిన పని చాలవరకు తప్పినది. దాని వీర్యమును సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో, ద్రవ నత్రజనిలో నిలువచేసి సన్నని గొట్టములలో పంపుచున్నారు. దాటింపు వలన అంటుకొను గర్భస్రావ రోగముల బెడద కూడ ఇందులో తగ్గును. అయితే ఎద గుర్తించు పని ఇంటివారిదే. ఆవు అరచును, మేత తగ్గించును, తోటి పశువుల మీదికి ఎక్కును, గాజుతీగ వంటి తీగ వేయును. ఉదయము ఎద కనబడిన ఆ సాయంత్రము, సాయంత్రము కనబడిన మరునాటి ఉదయము సూది చేయించవలెను. ఆ తేదీని, గొట్టము మీది ఆబోతు నంబరును పుస్తకములో వ్రాసికొని, ఇరువదియొకటవ రోజున ఆవును మరల గమనించవలెను. ఎదకు రాకున్న మూడు నెలలకు పశువైద్యునిచే చూడి పరీక్ష చేయించవలెను.