సింగపూర్‌లో నాలుగు డాలర్ల ప్లేటు వెనుక లెక్క

2016లో మిషెలిన్ గైడ్ సింగపూర్‌కు తొలి జాబితా ప్రకటించింది. ఖరీదైన హోటళ్ల పేర్ల మధ్య ఒక పేరు మాత్రం ఎవరూ ఊహించనిది. చైనాటౌన్ కాంప్లెక్స్‌లోని ఓ ఇరుకు స్టాల్‌లో సోయా సాస్‌లో ఉడికించిన కోడిని అన్నంతో పెట్టి అమ్మే చాన్ హాన్ మెంగ్‌కు ఒక నక్షత్రం దక్కింది. ఆయన ప్లేటు ధర 2 సింగపూర్ డాలర్లు, అప్పటి మారకం ప్రకారం మన వంద రూపాయలు. మర్నాటి నుంచి స్టాల్ ముందు జనం బారులు తీరారు. తర్వాత బ్రాంచీలు వెలిశాయి, 2021లో నక్షత్రం పోయింది. ఆ కథ ఎలా ఉన్నా ఆ 2 డాలర్ల అంకె మాత్రం ఆలోచింపజేస్తుంది. కారు కొనాలంటే ముందుగా తీసుకోవాల్సిన హక్కుపత్రానికే లక్ష డాలర్లు పలికే ఊరు అది. అలాంటి చోట భోజనం అంత చౌకగా ఎలా వచ్చింది? ధరలు పెరిగిన ఈ రోజుల్లోనూ నాలుగైదు డాలర్లకు కడుపు నిండా ఎలా పెడుతున్నారు?

ముందు ఊరి కొలతలు చూద్దాం. విస్తీర్ణం దాదాపు 735 చదరపు కిలోమీటర్లు. 2024 నాటి జనాభా 60.4 లక్షలు, అందులో 18.6 లక్షల మంది ఉద్యోగాలకో చదువులకో వచ్చిన విదేశీయులు. అక్కడి పౌరులు, శాశ్వత నివాసుల్లో 2020 జనగణన ప్రకారం చైనీయులు 74.3 శాతం, మలయ్‌లు 13.5 శాతం, భారతీయులు 9 శాతం. ఈ ముగ్గురి వంటలూ ఒకే కప్పు కింద దొరికే చోటే హాకర్ సెంటర్. చుట్టూ వరసగా స్టాళ్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు, నెత్తిన ఫ్యాన్లు. ఏసీ ఉండదు. ఇలాంటివి 120కి పైగా ఉన్నాయి. వండిన తిండి అమ్మే స్టాళ్లు 6,000 పైచిలుకు. అంటే సుమారుగా వెయ్యి మందికి ఒక స్టాలు.

ఇవి వాటంతట అవే పుట్టుకొచ్చినవి కావు. 1960లలో సింగపూర్ వీధుల్లో బళ్లు, కావిళ్లు, గంపలే ఉండేవి. మురుగు, ఎలుకలు, కలరా భయం వాటి వెంటే ఉండేవి. 1968–69లో ప్రభుత్వం వీధి వర్తకులందరి పేర్లూ నమోదు చేసి లైసెన్సులిచ్చింది. 1971 నుంచి సెంటర్లు కట్టడం మొదలుపెట్టి, 1986 నాటికి సుమారు 18 వేల మందిని వీధుల నుంచి లోపలికి తెచ్చింది. కుళాయి, కరెంటు, మురుగు కాలువ ఇచ్చింది. వీటన్నిటికంటే ముఖ్యంగా, అద్దె తక్కువగా పెట్టింది. 2020 డిసెంబరు 16న యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అందరూ ఆ గుర్తింపు గురించే మాట్లాడతారు. నన్నడిగితే అసలు సంగతంతా అద్దెలోనే ఉంది.

కాబట్టి అద్దె దగ్గర కాసేపు ఆగుదాం. సింగపూర్ డాలరు 2025లో చాలావరకు 65–70 రూపాయల మధ్య ఉంది. లెక్క సులువుకి 65 అనుకుందాం. వీధి నుంచి వచ్చిన తొలితరం హాకర్లకు నెలకు 192 నుంచి 320 డాలర్ల రాయితీ అద్దె ఉంది. అంటే 12,500 నుంచి 21 వేల రూపాయల లోపు. తర్వాత వచ్చినవాళ్లు టెండరు వేసి స్టాల్ దక్కించుకోవాలి. వాళ్లు కట్టే అద్దెల్లో మధ్యస్థం నెలకు 1,250 డాలర్ల దగ్గర ఉంటూ వచ్చింది. 2024లో మెరీన్ పరేడ్ సెంట్రల్‌లో ఒక స్టాల్‌కు ఒకరు వేసిన టెండరు ఎంతో తెలుసా? నెలకు 10,158 డాలర్లు. మన డబ్బులో ఆరున్నర లక్షలు దాటింది. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది.

ఈ మూడు అద్దెలనూ ప్లేటు మీదకు దించి చూద్దాం. ఒక స్టాల్ నెలకు 25 రోజులు తెరిచి, రోజుకు 150 ప్లేట్లు అమ్ముతుందనుకోండి. నెలకు 3,750 ప్లేట్లు. రాయితీ స్టాల్‌కు 320 డాలర్ల అద్దె లెక్కన ప్లేటుకు పడేది 8.5 సెంట్లు, అంటే అయిదున్నర రూపాయలు. 1,250 కట్టేవాళ్లకు 33 సెంట్లు, ఇరవై రూపాయల పైన. 10,158 కట్టాల్సి వస్తే ఒక్కో ప్లేటు నెత్తిన 2 డాలర్ల 71 సెంట్లు, అంటే 176 రూపాయలు. అదే కోడి, అదే బియ్యం, అదే చేయి. అద్దె ఒక్కటి మారితే నాలుగు డాలర్ల ప్లేటు ఆరు దాటకుండా ఆగదు.

అద్దెను అదుపులో పెట్టడానికి 2012లో రెండు పనులు చేశారు. టెండరుకు కనీస ధర ఎత్తేశారు. అప్పటి నుంచి కొందరికి నామమాత్రపు అద్దెకే స్టాళ్లు దొరికాయి. స్టాల్ తన పేరున పెట్టుకుని ఇంకొకరికి తిరిగి అద్దెకిచ్చుకునే పద్ధతినీ ఆపేశారు. లైసెన్సు ఉన్న మనిషే స్టాల్‌లో ఉండి నడపాలి. టెండరులో తొందరపడి ఎక్కువ పాడినవాళ్లకు మూడేళ్ల తర్వాత మార్కెట్ విలువకు అద్దె సవరిస్తారు. అయితే ఆ మూడేళ్లూ తట్టుకుని నిలబడాలి కదా!

ఈ అదుపు లేనిచోట ఏం జరుగుతుందో చూడాలంటే ఇళ్ల సముదాయాల కింద ఉండే కాఫీషాపుల దగ్గరికి వెళ్లాలి. చూడ్డానికి చిన్న హాకర్ సెంటర్‌లాగే ఉంటాయి. వీటిలో చాలావాటికి ప్రైవేటు యజమానులున్నారు. 2022లో టాంపినీస్‌లో ఒక కాఫీషాపు 4.168 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. మన లెక్కన 270 కోట్లు. అంత పెట్టి కొన్నవాడు ఆ డబ్బు ఎవరి దగ్గర రాబట్టుకుంటాడు? అందులో నూడుల్స్ అమ్మేవాడి దగ్గర, ఆ తర్వాత తినేవాడి దగ్గర. ఏసీ మాల్‌లోని ఫుడ్‌కోర్టు దీనికంటే ఇంకో మెట్టు పైన. రెస్టారెంటుకు వెళ్తే మెనూ అంకె పక్కన ఉండే రెండు ప్లస్ గుర్తులు గమనించండి. 10 శాతం సర్వీసు చార్జీ, దాని మీద 9 శాతం జీఎస్టీ అని అర్థం. వంద డాలర్లని చూసి ఆర్డరిచ్చిన పీత, బిల్లులో 119 డాలర్ల 90 సెంట్లు అవుతుంది.

పీత మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. సింగపూర్ పేరు చెప్పగానే గుర్తొచ్చే చిల్లీ క్రాబ్ పుట్టింది హోటల్‌లో కాదు. 1956లో కల్లాంగ్ నది ఒడ్డున చెర్ యమ్ టియాన్ అనే గృహిణి టమాటా సాస్, చిల్లీ సాస్ వేసి తోపుడు బండి మీద అమ్మిన వంట అది. ఇప్పుడు దాన్ని కిలోల లెక్కన, మూడంకెల ధరకు తింటున్నాం. ఫిష్ హెడ్ కర్రీది ఇంకా సరదా కథ. చైనీయులకు చేప తలకాయ ప్రీతి. మలయాళీ అయిన ఎం.జె. గోమెజ్ 1949లో దాన్ని చింతపండు పులుసులో వండి పెట్టాడు. కేరళలో పెద్దగా అడగని వంటకు సింగపూర్‌లో కుర్చీలు చాలలేదు. చేపల పులుసులో తలకాయ కోసం ఇంట్లో పోటీపడే మనవాళ్లకు ఈ రుచి కొత్తగా అనిపించదు. లిటిల్ ఇండియాలో 1969 నుంచి ఉన్న ముత్తూస్ కర్రీ, 1974 నాటి బనానా లీఫ్ అపోలో రెండింటికీ దీనితోనే పేరొచ్చింది.

లిటిల్ ఇండియా ప్రధాన వీధి సెరంగూన్ రోడ్డు. 1947 నాటి కోమల విలాస్‌లో శాకాహార భోజనం, దోసె దొరుకుతాయి. చుట్టుపక్కల ఆంధ్ర భోజనం, హైదరాబాదీ బిర్యానీ బోర్డులూ కనిపిస్తాయి. సింగపూర్ తెలుగు సమాజం 1975లోనే ఏర్పడింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల తర్వాత తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి. అంతదూరం వెళ్లి పప్పూ ఆవకాయే తింటామంటే కాదనను గానీ, ఆ వీధి మొదట్లో ఉన్న టెక్కా సెంటర్‌లోకి ఒకసారి తొంగి చూడండి. ఒక పక్క చేపలు, మటన్, మునక్కాయలు, కరివేపాకు అమ్మే బజారు. మరో పక్క బిర్యానీ, ప్రాటా అని పిలిచే పరాటా, చైనీయుల నూడుల్స్, మలయ్ అన్నం.

అక్కడ ప్రాటా వేసే మాస్టర్ ఎదురుగా రెండు నిమిషాలు నిలబడితే టికెట్ లేని ప్రదర్శన చూసినట్టే. నూనెలో నానిన పిండి ముద్దను రాతి బల్ల మీద అరచేత్తో అదిమి, రెండు చేతులతో గాల్లోకి విసిరి పరుస్తాడు. ఆరేడు విసుర్లలో ముద్ద కాస్తా అవతలి మనిషి కనిపించేంత పలచన అవుతుంది. నాలుగు వైపులా మడిచి పెనం మీద వేస్తాడు. కాలాక రెండు చేతుల మధ్య పెట్టి చప్పట్లు కొట్టినట్టు నలిపితే పొరలు విడతాయి. ఒకటి డాలరున్నర అటూఇటూ. పక్కన కూర. కొందరు పంచదార అద్దుకుంటారు. శాకాహారులు పప్పు కూర అడిగేటప్పుడు అందులో మాంసం లేదని రూఢి చేసుకోవాలి. ముస్లిం స్టాళ్లలో దాల్చా అనే పప్పు కూరలో మటన్ ముక్కలు పడటం మామూలే.

మలయ్ రుచులకు గేలాంగ్ సెరాయ్. మాంసం కూరిన పరాటా ముర్తబక్ కోసం సుల్తాన్ మసీదు ఎదుట 1908 నుంచి నడుస్తున్న జమ్ జమ్ హోటల్. సముద్రపు గుల్లలు, రొయ్యలతో కొబ్బరిపాల పులుసు, అందులో ముక్కలు చేసిన నూడుల్స్ వేసి చెంచాతోనే తినే లక్సాకు కటోంగ్. అన్నిటికంటే పెద్ద హాకర్ సెంటర్ చైనాటౌన్ కాంప్లెక్స్, అక్కడ 200కి పైగా తిండి స్టాళ్లున్నాయి. నియోన్ దీపాల న్యూటన్ సెంటర్‌కు పర్యాటకులు ఎగబడతారు. నా దృష్టిలో అక్కడ ఇచ్చే డబ్బుకు అందే రుచి తక్కువ.

మాక్స్‌వెల్ సెంటర్‌లో చికెన్ రైస్ తినండి. చూపుకు ఆనదు. పాలిపోయిన కోడి ముక్కలు, తెల్లటి అన్నం, నాలుగు దోసకాయ ముక్కలు, అంతే. కానీ ఆ అన్నాన్ని కోడి కొవ్వులో అల్లం, వెల్లుల్లి వేయించి, కోడి ఉడికిన నీళ్లు పోసి, పాండాన్ ఆకు వేసి వండుతారు. ముందు అన్నం ఒక్కటే ముద్ద తినాలి, తర్వాతే మిరప పచ్చడి.

ఈ ప్లేటుకు 2022లో పెద్ద చిక్కు వచ్చింది. సింగపూర్ తన తిండిలో 90 శాతానికి పైగా బయటి నుంచి తెచ్చుకుంటుంది. అప్పట్లో కోళ్లలో 34 శాతం మలేసియావి. జూన్ 1న మలేసియా కోళ్ల ఎగుమతి ఆపేసింది, అక్టోబరు దాకా పూర్తిగా సడలించలేదు. గడ్డకట్టించిన (ఫ్రోజెన్) కోడితో చేస్తే ఆ రుచి రాదని కొందరు స్టాళ్లే మూసుకున్నారు. అద్దెనైతే ప్రభుత్వం పట్టి ఉంచగలదు. కోడి ధర దాని చేతిలో లేదు.

దాని చేతిలో లేనిది మరొకటుంది, వయసు. హాకర్ల మధ్యస్థ వయసు 60 ఏళ్లు. కొత్తగా చేరేవాళ్లది కూడా 46. తెల్లవారకముందే ఎసరు పెట్టి, పొయ్యిల వేడిలో పన్నెండు గంటలు నిలబడే పనికి పిల్లలు రానంటున్నారు. రమ్మని తల్లిదండ్రులూ అనడం లేదు. బయటి దేశాల పనివాళ్లను పెట్టుకోవడానికి ఏళ్ల తరబడి వీల్లేదు. 2025 జనవరి నుంచి మాత్రం దీర్ఘకాలిక విజిట్ పాస్ ఉన్నవాళ్లను సహాయకులుగా తీసుకోనిస్తున్నారు. ఆ నాలుగు డాలర్లలో ముసలి దంపతుల కూలి సరిగా కలపలేదన్నది నా అభిప్రాయం. మాల్‌లో ఆరు డాలర్ల కాఫీ మారుమాట లేకుండా తాగే జనమే, చికెన్ రైస్ యాభై సెంట్లు పెరిగితే గగ్గోలు పెడతారు.

మీరు వెళ్తే రెండు మూడు సంగతులు గుర్తుంచుకోండి. బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే ఆ చోటు ఎవరో పట్టుకున్నట్టు, కూర్చోకండి. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి, హలాల్ ట్రేలకు వేరే అర ఉంటుంది. మొదటిసారి మరిచిపోతే హెచ్చరిక, రెండోసారికి 300 డాలర్ల జరిమానా. అంటే డెబ్భై అయిదు ప్లేట్ల డబ్బు. మంచి స్టాళ్లలో వండింది అయిపోతే మళ్లీ వండరు. పొద్దున పదకొండున్నరకల్లా క్యూలో ఉండండి.